డెంగీ దారిన డెంగీ పోయింది, జ్వరం పోలేదు: మా తమ్ముడి హెచ్‌ఎల్‌హెచ్ రోజులు

2019 సెప్టెంబరులో మా తమ్ముడికి డెంగీ వచ్చింది. ఆ ఏడాది తెలంగాణలో డెంగీ మామూలుగా లేదు. ప్రభుత్వ లెక్కల్లోనే కేసులు 13 వేలు దాటాయి. మా ఖమ్మం జిల్లాలో ఏ వీధికి వెళ్లినా జ్వరాలే. అందుకని వైరాలో ఎరువుల దుకాణం నడుపుకునే ముప్పై నాలుగేళ్ల మనిషికి కళ్ల వెనక నొప్పి, ఒళ్లు నొప్పులతో జ్వరం వస్తే ఎవరమూ ఆశ్చర్యపోలేదు. డెంగీని పట్టే ఎన్‌ఎస్‌1 పరీక్ష పాజిటివ్ అని వచ్చాక కూడా, వారం రోజులు ఓపిక పడితే లేచి తిరుగుతాడనే అనుకున్నాం.

ఆ వారం గడిచాక మొదలైంది అసలు కథ. తమ్ముడికి తర్వాత వచ్చిన జబ్బు పేరు హెచ్‌ఎల్‌హెచ్. పూర్తి పేరు హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్. చాలా అరుదు. డెంగీ వచ్చినవాళ్లలో దాదాపు అందరూ దీని పేరు కూడా వినకుండానే కోలుకుంటారు. కానీ వచ్చినప్పుడు గుర్తుపట్టడం ఆలస్యమైతే మనిషి దక్కకపోవచ్చు. గుర్తుపట్టడానికి మొదట కావలసినవి మామూలు పరీక్షలే. అందుకే ఇదంతా కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో టీచర్‌ని. మరదలు ఫోన్ చేసి "వదినా, ఈయన ఏమీ తినడం లేదు, నాకు భయంగా ఉంది" అనగానే సెలవు పెట్టి ఖమ్మం వెళ్లాను. అప్పటికే అక్కడి ఒక ఆసుపత్రిలో చేర్చారు. వైద్యం సక్రమంగానే జరుగుతోంది. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇంకో నొప్పి బిళ్ల గానీ ఇంజెక్షన్ గానీ ఇవ్వలేదు, సెలైన్ లెక్క చూసి ఎక్కిస్తున్నారు, రోజూ సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, చేస్తున్నారు. బంధువులు ఎవరికి తోచింది వాళ్లు తెస్తున్నారు. బొప్పాయి ఆకు రసం, కివీ పండ్లు, డ్రాగన్ ఫ్రూట్. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరిదీ ఒకటే ప్రశ్న: "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?"

నాకు బడిలో రిజిస్టర్లు రాసే అలవాటు ఉంది కదా, ఒక నోట్‌బుక్ తీసుకుని గడులు గీశాను. తేదీ, ఇది జ్వరం ఎన్నో రోజు, టెంపరేచర్, హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం), బీపీ, మూత్రం ఎంత పోశాడు. పెద్ద ఆలోచనేమీ లేదు, చేతికి పని ఉంటే టెన్షన్ తగ్గుతుందని మొదలుపెట్టాను. తర్వాత అదే అన్నిటికంటే పనికొచ్చింది.

డెంగీకి ఒక నడక ఉంటుంది. జ్వరం రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది. అది దిగే సమయంలో ఒకటి రెండు రోజులు ప్రమాదకరం. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారి, రక్తం చిక్కబడి, బీపీ పడిపోవచ్చు. అందుకే జ్వరం తగ్గింది కదా అని ఇంటికి పరుగెత్తకూడదని డాక్టర్లు అంటారు. ఆ గండం దాటితే ఆకలి వేస్తుంది, ప్లేట్‌లెట్లు వాటంతటవే లేస్తాయి. మా తమ్ముడికి ఐదో రోజు జ్వరం వందకు దిగింది. హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు రాత్రి మంచం ఊగిపోయేంత చలితో మళ్లీ 103 వచ్చింది. ఇక అక్కడి నుంచి దిగలేదు.

నోట్‌బుక్‌లో మిగతా గడులు కూడా తేడాగా కనిపించడం మొదలైంది. ప్లేట్‌లెట్లు 24 వేలకు వచ్చాయి, అది డెంగీలో చూసేదే. కానీ హిమోగ్లోబిన్ 14 నుంచి 10కి పడింది. ఎక్కడా రక్తం పోలేదు, చిగుళ్ల నుంచి కాదు, విరేచనం నల్లగా లేదు. నీరు కారి రక్తం చిక్కబడితే పీసీవీ పెరగాలి, ఇతనికి తగ్గుతోంది. తెల్లకణాలు రెండు వేల లోపు. కళ్లు పచ్చబడ్డాయి. అల్ట్రాసౌండ్‌లో ప్లీహం పెరిగిందని, ఊపిరితిత్తుల చుట్టూ కొంచెం నీరు చేరిందని రాశారు. కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీఓటీ 1,800.

డెంగీ మీద ఇంకేదో ఇన్‌ఫెక్షన్ కలిసి ఉంటుందని పెద్ద యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. అది తప్పు ఆలోచనేం కాదు. మన దగ్గర డెంగీతోపాటు టైఫాయిడ్, మలేరియా, స్క్రబ్ టైఫస్ కలిసి రావడం ఉంది, వాటికి వైద్యం వేరు. అన్నీ పరీక్షించారు. ఏదీ లేదు. బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగలేదు. జ్వరం మాత్రం అలాగే ఉంది.

ప్లేట్‌లెట్ల కోసం మేం పడిన తిప్పలు కూడా చెప్పాలి. ఎస్‌డీపీ అంటే ఒకే దాత నుంచి మెషిన్ ద్వారా ప్లేట్‌లెట్లు మాత్రం తీసుకుని, మిగతా రక్తం అతనికే తిరిగి ఎక్కించే పద్ధతి. గంటా గంటన్నర పడుతుంది, దాత స్వయంగా రావాలి, నరాలు బాగుండాలి, అతని ప్లేట్‌లెట్ లెక్క కూడా సరిపోవాలి. తమ్ముడి స్నేహితులు దుకాణాలు మూసి బైకుల మీద వచ్చారు. సరిపోలేదని వెనక్కి పంపితే కళ్లనీళ్లు పెట్టుకున్నవాడు కూడా ఉన్నాడు. ఒక్క ఎస్‌డీపీతో మామూలుగా ముప్పై నుంచి యాభై వేల దాకా పెరగాలి. తమ్ముడికి ఎక్కించిన మర్నాడు చూస్తే 22 వేలు. ఎక్కించినవి ఎక్కడికి పోయాయో ఎవరూ చెప్పలేకపోయారు. ఇంకో దాతను వెతకమన్నారు. నిజానికి రక్తస్రావం లేకుండా నిలకడగా ఉన్న డెంగీ రోగికి పది వేల లోపు పడితే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని సాధారణంగా ఉండదని తర్వాత హైదరాబాద్ డాక్టర్లు చెప్పారు. మా దృష్టంతా ఆ ఒక్క అంకె మీదే ఉండేది, ఆసుపత్రి దృష్టి కూడా.

తమ్ముడు మాటలు తడబడి, పగలు కూడా మగతగా పడుకోవడం మొదలయ్యేసరికి ఇక ఆగలేదు. అంబులెన్స్‌లో సూర్యాపేట మీదుగా హైదరాబాద్ తీసుకెళ్లి ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం.

రాత్రి ఎమర్జెన్సీలో ఉన్నది ఒక చిన్న డాక్టరమ్మ, ఇంకా పీజీ చదువుతున్న అమ్మాయి. ఫైలు చూసి, నా చేతిలో నోట్‌బుక్ చూసి "ఇవ్వండి మేడమ్" అని తీసుకుంది. నిలబడే పేజీలు తిప్పింది. ప్లేట్‌లెట్ల గడి మీద ఆగలేదు. టెంపరేచర్ గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి లాగింది. "జ్వరం ఇది ఎన్నో రోజు?" అంది. తొమ్మిదో రోజు అని చెప్పాను. "డెంగీ అయితే ఈపాటికి దిగాలి. మూడు రకాల కణాలూ కలిసి పడుతున్నాయి, ప్లీహం పెరిగింది. ఒక్క నాలుగు పరీక్షలు పంపిస్తాను" అని ఫెరిటిన్, ట్రైగ్లిజరైడ్స్, ఫైబ్రినోజెన్, ఎల్‌డీహెచ్ రాసింది. ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను గానీ, మా అమ్మ రోజూ దీపం పెట్టేటప్పుడు తలుచుకునే పేర్లలో అదొకటి.

ఫెరిటిన్ అంటే ఒంట్లో ఇనుము నిల్వ చూపించే పరీక్ష అని, రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు చేస్తారని మాత్రమే నాకు తెలుసు. మామూలుగా మగవాళ్లకు మూడు నాలుగు వందల లోపు ఉంటుంది. తెల్లవారి ల్యాబ్ నుంచి రిపోర్టు ఆలస్యమైంది. ఎందుకంటే మెషిన్ చూపించగలిగిన హద్దు దాటిపోయింది, రక్తాన్ని పలచన చేసి మళ్లీ కొలవాల్సి వచ్చింది. 41 వేలు. రక్తంలో కొవ్వు చూపించే ట్రైగ్లిజరైడ్స్ 390. గడ్డకట్టడానికి అవసరమైన ఫైబ్రినోజెన్ బాగా తగ్గి 120.

ఇంకో విచిత్రం ఉంది. ఒంట్లో వాపు ఉందా అని చూసే రెండు పరీక్షల్లో సీఆర్‌పీ ఎక్కువగా ఉంది, ఈఎస్‌ఆర్ మాత్రం చాలా తక్కువ. ఒంట్లో ఇంత వాపు, ఇంత జ్వరం ఉంటే రెండూ పెరగాలి కదా అని అడిగాను. ఈఎస్‌ఆర్ పెరగాలంటే రక్తంలో ఫైబ్రినోజెన్ ఉండాలి, అదే కరిగిపోతుంటే ఈఎస్‌ఆర్ కూడా పడిపోతుందట. ఖమ్మం రిపోర్టుల్లో కూడా ఈఎస్‌ఆర్ తక్కువే ఉంది. తక్కువ ఉంటే మంచిదే అనుకుని ఎవరూ దాని జోలికి పోలేదు.

ఆ మధ్యాహ్నం హెమటాలజిస్ట్, అంటే రక్త జబ్బుల డాక్టర్, వచ్చారు. ఆయన గది బయట బోర్డు మీద రక్త క్యాన్సర్ల నిపుణులని ఉండేసరికి మరదలు అక్కడే కూలబడిపోయింది. ఆయన మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. వైరస్ వచ్చినప్పుడు రోగనిరోధక దళంలోని టీ కణాలు, ఎన్‌కే కణాలు వైరస్ పట్టిన కణాలను చంపుతాయి. పని పూర్తయ్యాక మొత్తం దళం వెనక్కి తగ్గాలి. కొందరిలో ఆ ఆపే ఏర్పాటు పనిచేయదు. టీ కణాలు రసాయన సంకేతాలు పంపుతూనే ఉంటాయి. వాటితో రెచ్చిపోయిన మాక్రోఫేజ్‌లు, అంటే చెత్తను మింగి శుభ్రం చేయాల్సిన కణాలు, సొంత ఎర్రకణాలను, తెల్లకణాలను, ప్లేట్‌లెట్లను మింగేస్తాయి. ఎక్కించిన ప్లేట్‌లెట్లు కూడా అక్కడికే పోయాయి. ఫెరిటిన్ అలా పొంగడానికీ కారణం చాలావరకు ఆ కణాలే.

అమ్మ అంతా విని, "అంటే సార్, కంచే చేను మేస్తోందన్నమాట" అంది. ఆయన తలెత్తి అమ్మను చూసి "సరిగ్గా అంతేనమ్మా" అన్నారు.

ఒక్క ఫెరిటిన్ చూసి ఈ జబ్బు అని తేల్చరు. మామూలు డెంగీలోనూ అది కొంత పెరుగుతుంది, కాలేయం బాగా దెబ్బతిన్నా పెరుగుతుంది. 2004లో ఖరారు చేసిన ఎనిమిది లక్షణాల పట్టిక ఒకటి ఉంది. వాటిలో ఐదు కలవాలి. జ్వరం, ప్లీహం పెరగడం, కనీసం రెండు రకాల రక్తకణాలు తగ్గడం, ట్రైగ్లిజరైడ్స్ పెరగడం లేదా ఫైబ్రినోజెన్ తగ్గడం, ఫెరిటిన్ 500 దాటడం, ఎముక మజ్జలో కణాలను మింగుతున్న కణాలు కనిపించడం, ఇంకా మన దగ్గర అన్నిచోట్లా దొరకని రెండు పరీక్షలు. ఆ పట్టిక పిల్లల కోసం చేసింది కాబట్టి పెద్దవాళ్లకు హెచ్‌స్కోర్ అనే ఇంకో లెక్క కూడా చూస్తామన్నారు. తొమ్మిది అంశాలకు మార్కులు వేస్తారు, మొత్తం 169 దాటితే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. ఆయన మా ముందే ఫోన్‌లో వేశారు. మజ్జ పరీక్ష మార్కులు కలపకుండానే దాటింది.

మజ్జ పరీక్షకు సంతకం పెట్టడానికి మరదలు వెనకాడింది. ప్లేట్‌లెట్లు ఇంత తక్కువ ఉంటే సూది ఎలా గుచ్చుతారు, రక్తం ఆగుతుందా అని. నడుము వెనక తుంటి ఎముకలో తీస్తారు, పైనే ఎముక కాబట్టి గట్టిగా నొక్కిపెడితే ఆగుతుంది అన్నారు. అలాగే ఆగింది. ఆ పరీక్ష అవసరం రెండు రకాలు. మింగే కణాలను చూడటం ఒకటి. పెద్దవాళ్లలో ఈ జబ్బు వెనక లింఫోమా అనే క్యాన్సర్ దాగి ఉండే అవకాశం ఉంది, అది లేదని చూడటం ఇంకొకటి. టీబీ కూడా దీన్ని రేపగలదు కాబట్టి ఆ పరీక్షలు, ఈబీ వైరస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు కూడా చేశారు. రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరం క్యాన్సర్ అనే మాట పైకి అనలేదు, అందరి మనసులో అదే ఉంది. లింఫోమా లేదు. మింగే కణాలు ఉన్నాయి.

ఇక స్టెరాయిడ్. డెంగీలో స్టెరాయిడ్ ఇవ్వకూడదని ఖమ్మంలో డాక్టరుగారు ఖచ్చితంగా చెప్పారు, నేను కూడా అదే మాట పట్టుకుని అడిగాను. మామూలు డెంగీలో వాటివల్ల ప్రయోజనం కనబడలేదు, ఇవ్వం అని ఈయన కూడా అన్నారు. "కానీ ఇప్పుడు మనం పోరాడుతున్నది వైరస్‌తో కాదమ్మా. వైరస్ రక్తంలో ఉండేది వారం రోజులు. ఇప్పుడు దెబ్బ కొడుతున్నది ఇతని సొంత రోగనిరోధక శక్తే. దాన్ని అణచకపోతే అవయవాలు ఒక్కొక్కటీ పోతాయి." స్టెరాయిడ్లలో డెక్సామెథసోన్ ఎంచుకున్నది అది మెదడులోకి కూడా చేరుతుంది కనుక. తమ్ముడికి మాట తడబడుతోంది కాబట్టి అది ముఖ్యం. ఒంటి వైశాల్యం లెక్కన చదరపు మీటరుకు 10 మిల్లీగ్రాములు. దీనికీ లొంగకపోతే ఎటోపొసైడ్ అనే కీమో మందు ఇవ్వాల్సి రావచ్చని ముందే చెప్పారు. డెంగీ వల్ల వచ్చిన హెచ్‌ఎల్‌హెచ్‌లో చాలామందికి అంతదాకా అవసరం పడదని ధైర్యం కూడా చెప్పారు.

మొదటి డోసు పడిన మర్నాటికే టెంపరేచర్ గడిలో 99 రాశాను. రాసి, మళ్లీ నర్సును అడిగి ఖాయం చేసుకున్నాను. రక్తకణాలు అంత తొందరగా కదల్లేదు. ముందు ఫెరిటిన్ సగానికి దిగింది, తర్వాత ఫైబ్రినోజెన్ లేచింది, ఎక్కించకుండానే ప్లేట్‌లెట్లు 38 వేలు, 61 వేలు అయ్యాయి. హిమోగ్లోబిన్ అన్నిటికంటే చివర. తమ్ముడు ఒక సాయంత్రం కళ్లు తెరిచి "అక్కా, దుకాణం తాళాలు ఎవరి దగ్గరున్నాయి?" అన్నాడు. యూరియా లోడు ఎప్పుడొస్తుందో కూడా అడిగాడు. మరదలు ఏడుస్తూ నవ్వింది.

ఇన్సూరెన్స్ సంగతి క్లుప్తంగా. క్యాష్‌లెస్ మీద ప్రశ్న వచ్చింది: డెంగీ అని చేర్చి మజ్జ పరీక్ష ఎందుకు చేశారు అని. డెంగీ అన్న ఒక్క మాటతో వెళ్లిన ఫైలును వాళ్లు డెంగీ లాగే చూశారు. హెమటాలజిస్ట్ లక్షణాల పట్టిక, రిపోర్టులు జతచేసి ఉత్తరం రాశాక ఒప్పుకున్నారు. ఇలాంటి పరిస్థితి వస్తే జబ్బు పేరు మారిన రోజే కొత్త డయాగ్నోసిస్‌తో లెటర్ అడిగి పంపించండి. డిశ్చార్జి రోజున పరుగులు తప్పుతాయి.

ఇంటికి వచ్చాక ఇంకో పరీక్ష. స్టెరాయిడ్ ఒక్కసారిగా మానేయకూడదు, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి మొద్దుబారి ఉంటుంది. పైగా జబ్బు తిరగబెట్టవచ్చు. రెండు వారాలకోసారి డోసు సగానికి తగ్గిస్తూ సుమారు రెండు నెలలు సాగింది. ఆ రెండు నెలలూ తమ్ముడికి నిద్ర లేదు. తెల్లవారుజామున మూడింటికి నాకు ఫోన్ చేసి ముచ్చట్లు చెప్పేవాడు. విపరీతమైన ఆకలి, ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ పెరిగి కొన్నాళ్లు ఇన్సులిన్ వేసుకోవాల్సి వచ్చింది. చిన్న చిన్న విషయాలకు కోపం తెచ్చుకునేవాడు, మరుక్షణం బాధపడేవాడు. అది మందు చేయించే పని అని మరదలికి ముందే చెప్పి ఉంటే ఆమె అంత నలిగేది కాదు. ఇంట్లో వాళ్లకు కూడా డాక్టర్లు ఈ మాట చెప్పాలని నా కోరిక. డోసు తగ్గించిన ప్రతిసారీ సీబీసీ, ఫెరిటిన్ చూసేవాళ్లు. అంకెలు నిలబడ్డాయి. మందులు ఆపాక షుగర్ కూడా మామూలైంది.

ఇది పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల కూడా వస్తుంది, ఎక్కువగా చిన్నపిల్లల్లో. మా ఇంట్లో పిల్లలకు పరీక్షలు చేయించాలా అని అడిగితే, ఈ వయసులో మొదటిసారి, అదీ ఒక వైరస్ తర్వాత వచ్చింది కాబట్టి ఇప్పుడు అక్కర్లేదు, మళ్లీ తిరగబెడితే ఆలోచిద్దాం అన్నారు. తిరగబెట్టలేదు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలు ఉన్నాయి, ఒకటి వచ్చిపోతే మిగతావి రాకుండా ఆగవు, రెండోసారి వచ్చేది తీవ్రంగా ఉండవచ్చు. కాబట్టి వానాకాలం వస్తే తమ్ముడి దుకాణం వెనక డ్రమ్ములన్నీ బోర్లిస్తారు, పగలు కూడా నిండు చేతుల చొక్కాయే.

ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరికి డెంగీ వచ్చినా నాకు ఫోన్ వస్తుంది. నేను డాక్టర్‌ని కాను, ఆ మాట ముందే చెబుతాను. ప్లేట్‌లెట్లు ఎంత అని మాత్రం అడగను. జ్వరం ఎన్నో రోజు, దిగిందా, దిగి మళ్లీ వచ్చిందా, హిమోగ్లోబిన్, తెల్లకణాలు కూడా పడుతున్నాయా, మనిషి తెలివిగా మాట్లాడుతున్నాడా అని అడుగుతాను. వారం దాటినా జ్వరం దిగక, మూడు రకాల కణాలూ పడుతుంటే "హెచ్‌ఎల్‌హెచ్ కావచ్చా, ఫెరిటిన్ చూస్తారా" అని డాక్టరుగారిని మర్యాదగా అడగమంటాను. పోయిన వానాకాలం మధిర నుంచి మా పిన్ని ఇలాగే కంగారుగా ఫోన్ చేసింది, మనవడికి ప్లేట్‌లెట్లు 30 వేలు అని. అడిగితే ముందు రోజే జ్వరం దిగింది, హిమోగ్లోబిన్ బాగుంది, పొద్దున ఇడ్లీ అడిగి తిన్నాడట. ఇంకో రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచి నీళ్ల లెక్క, బీపీ చూడమనండి పిన్నీ, అన్నాను. మూడో రోజుకు లక్ష దాటాయి, ఫెరిటిన్ చూడాల్సిన అవసరమే రాలేదు.